సైకిల్ ఉంది, దారి ఏదీ?

(తిరుపతిలో సైకిల్ దారుల కోసం పనిచేస్తున్న ఒక స్వచ్ఛంద బృందం తరఫున విశ్రాంత ఉపాధ్యాయురాలు ఒకరు కళాశాల విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంటే చెప్పండి, గొంతు పెంచుతాను. ముప్పై ఏళ్ళు క్లాసులో అరిచిన గొంతు ఇది, ఇబ్బంది లేదు.

మొదలుపెట్టే ముందు ఒక్కటి అడుగుతాను, చేతులెత్తండి. ఈ రోజు ఇక్కడికి సైకిల్ మీద వచ్చినవాళ్ళు ఎవరు? ఒకరు... ఇద్దరు... అదిగో, తలుపు దగ్గర వాచ్‌మన్ అన్న చెయ్యెత్తాడు. నమస్తే అన్నా, లోపలికి రండి, ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. సరే. ఇప్పుడు, ఇంట్లో సైకిల్ ఉన్నవాళ్ళు ఎత్తండి. చూశారా? సగం హాలు. సగం హాలు దగ్గర సైకిల్ ఉంది, వచ్చింది మాత్రం ముగ్గురు. ఎందుకు? బద్ధకమా? నేను ఒప్పుకోను. నామోషీయా? కొంతమందికి ఉండొచ్చు. కానీ అసలు కారణం వేరే ఉంది, అది నాకు నా బడిపిల్ల ఇంట్లో తెలిసింది.

నేను పనిచేసిన చివరి బడి రేణిగుంట రోడ్డు వైపు. మన రాష్ట్రంలో ‘బడికొస్తా’ అని ఒక పథకం వచ్చింది, మీలో కొంతమందికి గుర్తుండాలి, ప్రభుత్వ బడుల్లో ఆడపిల్లలకు సైకిళ్ళు ఇచ్చారు. మా బడికీ వచ్చాయి. ఆ రోజు పిల్లల ముఖాలు చూడాలి! గ్రౌండంతా బెల్లుల మోత. నాకూ సంతోషమే. ఇక ఈ పిల్లలు పదో తరగతి దాకా ఆగరు అనుకున్నాను.

కొన్ని నెలలకు ఒక పిల్ల రావడం మానేసింది. బాగా చదివే పిల్ల. లెక్కల్లో నాకంటే ముందు జవాబు చెప్పేది. జ్వరమేమో అనుకున్నా, పెళ్ళి మాటలేమో అని భయపడ్డా. ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. గోడకు ఆనించి సైకిల్ ఉంది. హ్యాండిల్‌కు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. టైర్లలో గాలి లేదు. సీటు మీద ఒక తడి టవలు ఆరేసి ఉంది, క్యారియర్ మీద కోడి ఎక్కి కూర్చుంది. అంతా కొత్తదే, చైను మాత్రం తుప్పు పట్టింది.

ఏమ్మా, సైకిల్ ఉంది కదా, ఎందుకు పంపడం లేదు అని వాళ్ళమ్మను అడిగాను. ఆమె నా మీద కోప్పడలేదు, మర్యాదగానే అన్నది: “సైకిలిచ్చినారు సరే మేడమ్, ఆ లారీల్లో ఎట్ల పంపించేది బిడ్డను?”

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందా? ఆమె అడిగినదాంట్లో తప్పేముంది? ఎట్ల పంపించేది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రిటైరయ్యాక నేనీ పనిలోకి వచ్చానంటే ఆ ఒక్క మాట వల్లే.

సైకిల్ ఇవ్వడం తప్పు అని నేను అనడం లేదు, అపార్థం చేసుకోవద్దు. సైకిల్ ఏం చేయగలదో బీహారులో కనబడింది. అక్కడ 2006లో తొమ్మిదో తరగతికి వచ్చిన ఆడపిల్లలకు సైకిల్ పథకం మొదలుపెట్టారు. తర్వాత కార్తీక్ మురళీధరన్, నిశీత్ ప్రకాశ్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. హైస్కూలుకు వచ్చే ఆడపిల్లల సంఖ్య 32 శాతం పెరిగింది. మగపిల్లలకూ ఆడపిల్లలకూ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గింది. ఎక్కడ ఎక్కువ పెరిగింది? బడి దూరంగా ఉన్న ఊళ్ళలో, మూడు కిలోమీటర్లు దాటిన ఊళ్ళలో. అంటే ఆ పిల్లలను ఆపింది చదువు మీద అయిష్టం కాదు, దూరం. అక్కడ పిల్లలు గుంపుగా, ఒకరి వెనక ఒకరు పల్లెదారుల్లో వెళ్ళారు. మన పిల్లకు దూరం రెండు కిలోమీటర్లే. కానీ ఆ రెండు కిలోమీటర్లూ పెద్ద రోడ్డు.

ఇంకో దేశం సంగతి చెప్తాను. నెదర్లాండ్స్ అంటే సైకిళ్ళ దేశం అంటారు కదా, మొదటి నుంచీ అలా లేదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడా కార్లు నిండిపోయాయి. 1971లో ఒక్క ఏడాదిలో మూడు వేల మందికి పైగా రోడ్ల మీద చనిపోయారు, అందులో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. అప్పుడు తల్లిదండ్రులు రోడ్ల మీదికి వచ్చి కూర్చున్నారు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అన్నారు. హత్యలు అనే అన్నారు, ప్రమాదాలు అనలేదు. అక్కడి సైకిల్ దారుల వెనక ఆ అమ్మానాన్నలు ఉన్నారు. మా పిల్ల వాళ్ళమ్మ అడిగిన ప్రశ్నే వాళ్ళూ అడిగారు, కాకపోతే అందరూ కలిసి అడిగారు. తేడా అంతే.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. తిరుపతిలో సైకిల్ ఎవరు తొక్కుతున్నారమ్మా ఈ రోజుల్లో అని నన్ను చాలామంది అడుగుతారు. నేను వాళ్ళకు చెప్పేది ఒకటే, తెల్లవారుజామున ఐదింటికి ఒకసారి లీలామహల్ సర్కిల్ దగ్గర నిలబడండి. వచ్చి చూడండి. పూలమూటలు కట్టుకుని ఒకరు. పాలక్యాన్లు రెండు వైపులా వేలాడేసుకుని ఒకరు. హోటళ్ళలో ఇడ్లీ పొయ్యి ముట్టించేవాళ్ళు. రోడ్లు ఊడ్చే అక్కలు, చీపురు క్యారియర్‌కు కట్టుకుని. తాపీమేస్త్రీలు, బొచ్చె హ్యాండిల్‌కు తగిలించుకుని. మేం ఒక రోజు ఒక మూలమలుపులో కూర్చుని సైకిల్‌కు ఒక గీత చొప్పున నోటు పుస్తకంలో గీశాం. ఏడున్నర అయ్యేసరికి రెండు పేజీలు నిండాయి. ఎనిమిది తర్వాత గీతలు పలచబడ్డాయి. ఎందుకు? అప్పటికి కార్లు లేచాయి. సైకిళ్ళు పనిలోకి వెళ్ళిపోయాయి. మనం లేచి చూసేసరికి వాళ్ళు కనబడరు, కనబడరు కాబట్టి లేరు అనుకుంటాం.

2011 జనాభా లెక్కలు చూడండి. వ్యవసాయం, ఇంటిపట్టున చేసే పనులు పక్కన పెట్టి, మిగిలిన పనులకు వెళ్ళేవాళ్ళు ఎలా వెళ్తున్నారు అని దేశమంతా అడిగారు. అప్పట్లో నూటికి దాదాపు 13 మంది సైకిల్ మీద వెళ్తున్నారు. 22 మందికి పైగా నడిచి వెళ్తున్నారు. రెండూ కలిపితే మూడో వంతు. ఆ మూడో వంతు మనుషులకు రోడ్డులో ఎంత వాటా ఇచ్చాం? ఇంటికెళ్ళేటప్పుడు మీరే చూడండి. కాలిబాట ఉన్నచోట బండ్లు నిలిపి ఉంటాయి, లేనిచోట కాలువ ఉంటుంది.

అందుకే మా బృందంలో నేను మొదటి నుంచీ చెప్పే మాట, సైకిల్ తొక్కండి అని ప్రచారం చేయడం మన మొదటి పని కాదు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినం అని ఐక్యరాజ్యసమితి 2018లో ప్రకటించింది. మంచిదే. ఆ రోజు టీషర్టులు వేసుకుని ర్యాలీ చేస్తాం, ముందు పోలీసు జీపు ఉంటుంది, వెనక అంబులెన్సు ఉంటుంది. భలే భద్రంగా ఉంటుంది. మరి జూన్ 4న? ఆ పూలమూట అన్నకు ముందు జీపు ఎవరు పంపిస్తారు?

సరే, మరి మేం చేసే పనేమిటి? వింటే చాలా చిన్న పనిలా ఉంటుంది. ఆ పిల్ల ఇంటి నుంచి బడి దాకా నడిచాం. మొదట చేసింది అంతే. పెద్ద రోడ్డు వదిలేసి, వెనక సందుల్లోంచి దారి ఉందా అని వెతికాం. వాళ్ళమ్మ, ఇంకా నలుగురు తల్లులు మాతో వచ్చారు. నా చేతిలో సుద్దముక్క, టేపు, నోటు పుస్తకం. తల్లులు ఎక్కడ ఆగి ‘ఇక్కడ భయం మేడమ్’ అంటే అక్కడ సుద్దతో గుర్తు పెట్టాను. మ్యాపులో చూస్తే ఆ భయాలు కనబడవు. ఒకచోట కల్లు తాగేవాళ్ళు కూర్చుంటారు. ఒకచోట కుక్కలు. ఒకచోట వీధిదీపం ఉంది, వెలగదు. ఒకచోట కాలువ మీద బండ లేదు, సైకిల్ దిగి ఎత్తుకుని దాటాలి. అన్నీ కలిపితే దారి ఒక కిలోమీటరు ఎక్కువైంది, కానీ లారీ అన్నది లేదు. ఒక్కచోట తప్ప. ఆ చోటు గురించి చివర్లో చెప్తాను.

వీటిలో ఒకదాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ పని అంటే ఏమిటో నాకు అక్కడే అర్థమైంది. వాననీళ్ళు పోవడానికి రోడ్డు మీద ఇనుప జాలీ మూత పెడతారు కదా. కమ్మీలు, మధ్యలో సందులు. ఆ దారిలో ఒక మూతకు కమ్మీలు రోడ్డు పొడవునా ఉన్నాయి. అంటే సైకిల్ పోయే దిక్కుగానే. కమ్మీకీ కమ్మీకీ మధ్య నా రెండు వేళ్ళు పట్టేంత సందు. సైకిల్ టైరు వెడల్పు ఎంతుంటుంది? అంతే ఉంటుంది. కారు దాని మీదుగా పోతే టక్ మని చప్పుడు, అంతే. స్కూటర్ కూడా పోతుంది. సైకిల్ ముందు చక్రం మాత్రం నేరుగా సందులోకి దిగుతుంది, చక్రం ఆగిపోతుంది, మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. మా బడి పిల్లాడొకడు అలాగే పడ్డాడు. గడ్డం చీలి కుట్లు పడ్డాయి.

అర్జీ రాశాం. ఒక ఆఫీసులో ఇది మా పరిధి కాదన్నారు. ఇంకో ఆఫీసులో కొత్త మూతకు నిధులు లేవన్నారు. మూడు నెలలు తిరిగాం. ఎవరినీ తిట్టడానికి చెప్పడం లేదు ఇది, వాళ్ళకు నిజంగానే అందులో ప్రమాదం కనబడలేదు. కారులోంచి చూస్తే కనబడదు మరి. చివరికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. నాయనా, మాటలు వద్దు, ఈ సైకిల్ ఎక్కి మెల్లగా దాని మీదుగా పోయి చూడు, నేను వెనక పట్టుకుంటాను అన్నాను. ఎక్కాడు. చక్రం మూత దగ్గరికి రాగానే కాళ్ళు కింద పెట్టేశాడు. వంగి చూశాడు. ఆ మూత చదరం, నాలుగు పక్కలా సమానం. అంటే కొత్త మూత అక్కర్లేదు. గడ్డపారలతో లేపి, అడ్డంగా తిప్పి, మళ్ళీ అదే గుంటలో పెడితే చాలు. నలుగురు మనుషులు, పావుగంట పని. తిప్పేశారు. ఆ పక్క పంక్చర్ షాపాయన నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూసుకుంటూ ‘ఇన్నేండ్ల నుంచి ఈడ పడినోళ్ళ సైకిళ్ళు నేనే బాగు చేసినా మేడమ్, తిప్పితే సరిపోతాదని నాకూ తోచలా’ అన్నాడు.

మీరు ఇంజనీరింగ్ పిల్లలు ఉన్నారు కదా ఇక్కడ, కొంతమంది? సివిల్ వాళ్ళు చేతులెత్తండి. బాగుంది. మీకు తెలియాల్సింది ఒకటుంది. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు చెప్పే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, సైకిల్ దారులు ఎలా వేయాలో 1962లోనే ఒక ప్రమాణాల పుస్తకం ఇచ్చింది. 1962! 2015లో దాన్ని మళ్ళీ సవరించింది. 2006 నాటి జాతీయ నగర రవాణా విధానంలో కూడా ముఖ్యమైన మాట ఉంది, మనం కదల్చాల్సింది మనుషులను, వాహనాలను కాదు అని. కాగితం మీద మనకు కొదవ లేదు. ఆ కాగితం పట్టుకుని వీధిలో వంగి కొలిచేవాళ్ళు తక్కువ.

బయటి దేశంలో ఇదే పని చేసిన సంస్థ ఒకటుంది, దాని గురించి చెప్పకుండా ఉండలేను. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊరు. 1977లో అక్కడ కొంతమంది మామూలు మనుషులు సైకిళ్ళ కోసం ఒక బృందంగా చేరారు. బ్రిస్టల్ నుంచి బాత్ అనే ఊరికి మూతపడిన పాత రైలు మార్గం ఉంది. పట్టాలు తీసేశారు, ముళ్ళకంపలు పెరిగాయి. ఆ కంప నరికి, కంకర పరిచి, సైకిల్ దారి చేయడం 1979లో మొదలుపెట్టారు. స్వచ్ఛంద కార్యకర్తలే పార పట్టారు. 13 మైళ్ళ దారి పూర్తయ్యేసరికి 1986 వచ్చింది. ఏడేళ్ళు! ఆ బృందమే తర్వాత సస్ట్రాన్స్ అనే ధర్మసంస్థ అయింది. 1995లో వాళ్ళకు లాటరీ నిధి నుంచి నాలుగు కోట్ల పౌండ్లకు పైగా డబ్బు వచ్చింది, దాంతో దేశమంతటా సైకిల్ దారుల వల అల్లారు.

నేను వాళ్ళను మెచ్చుకునేది దానికి కాదు. తర్వాత జరిగిందానికి. 2018లో వాళ్ళు తమ దారులను తామే తనిఖీ చేసుకున్నారు. దాదాపు సగం దారి బాగాలేదని తేలింది. చాలాచోట్ల అది బోర్డు పెట్టిన మామూలు రోడ్డే, కార్ల మధ్యలో. వాళ్ళు ఆ మాట దాచలేదు, అచ్చువేసి ప్రకటించారు. 2020లో మొత్తం దారుల్లో నాలుగో వంతును జాబితాలోంచి తీసేయడమో వేరు చేయడమో చేశారు. పిల్లలతో వెళ్ళలేని దారిని సైకిల్ దారి అని పిలవం అన్నారు. మనకైతే కిలోమీటర్లు పెంచి చెప్పుకోవాలని ఉంటుంది. రోడ్డు పక్కన ఒక రంగు గీత గీసి, సైకిల్ బొమ్మ వేసి, ఇన్ని కిలోమీటర్లు అని బోర్డు పెడతాం. సాయంత్రానికి ఆ గీత మీద కార్లు నిలిపి ఉంటాయి. ఆ గీతను మీరు సైకిల్ దారి అంటారా?

మనకు మూతపడిన రైలు మార్గాలు లేవు. రైలు మార్గం మన ఊరిని రెండుగా కోస్తోంది, అది వేరే కష్టం. గట్టివాన పడితే బ్రిడ్జిల కింద నీళ్ళు నిలుస్తాయి, సైకిల్ మనిషి అటు నుంచి ఇటు రావాలంటే చుట్టూ తిరగాలి. కానీ మనకు చెరువు కట్టలున్నాయి కదా! కాలువ గట్లు ఉన్నాయి. రాయలసీమలో మన పెద్దలు ఊరూరా కట్టలు పోసి పెట్టారు, ఎత్తుగా, చదునుగా, పక్కన చెట్లతో. నా చిన్నప్పుడు మా నాయన చెరువు కట్ట మీదే నాకు సైకిల్ నేర్పాడు. పెద్ద సైకిల్, సీటు అందదు, అడ్డకమ్మీ కింద నుంచి కాలు పెట్టి తొక్కేవాళ్ళం. మీకది తెలియదులే. కట్టలకు నష్టం రాకుండా, నీటిపారుదల వాళ్ళ అనుమతితో వాటి మీద మట్టిదారిని బాగుచేసుకోవచ్చు. దీని మీద మా వాళ్ళు ఇప్పుడు కొలతలు తీస్తున్నారు.

ఇక ఎండ. ఈ ప్రశ్న రాకుండా నేను ఏ సభా ముగించలేదు. ‘తిరుపతి ఎండలో సైకిలా మేడమ్?’ నిజమే, మే నెలలో మధ్యాహ్నం రెండింటికి నేనూ తొక్కను. కానీ స్పెయిన్‌లో సెవిల్ అని ఒక ఊరుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది, మనలాగే. 2006కు ముందు అక్కడ సైకిల్ ప్రయాణాలు నూటికి ఒకటి కూడా లేవు. కార్ల నుంచి వేరుచేసి, మధ్యలో గట్టు పెట్టి, ఏడాదిన్నరలో సుమారు 80 కిలోమీటర్ల దారి వేశారు. ముక్కలు ముక్కలుగా కాదు, ఒకదానికొకటి కలిపి. కొన్నేళ్ళలోనే సైకిల్ ప్రయాణాలు నూటికి ఆరేడుకు పెరిగాయి. ఎండ ఏమైనా తగ్గిందా అక్కడ? లేదు. భయం తగ్గింది. మన దగ్గర ఎండకు మందు కూడా ఉంది, కానుగ చెట్టు. వేప చెట్టు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసిన చెట్లను తిరిగి నాటమని అడగడం కూడా సైకిల్ పనే.

యాత్రికుల మాట కూడా అనుకోవాలి. రోజుకు అరవై డెబ్బై వేల మంది కొండకు వస్తారు, పండగలప్పుడు ఇంకా ఎక్కువ. వాళ్ళ బస్సులు, కార్లు ఊళ్ళోంచే పోవాలి. కొండ మీదికి సైకిల్ తొక్కమని నేను అనడం లేదు. ఘాట్ రోడ్డులో 2022 నుంచి ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి, చాలా మంచి పని, ఆ పొగ తగ్గితే కొండకూ మంచిదే. కింద ఊళ్ళో శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ 2023లో పూర్తయింది. బండ్లు పైన పోతున్నాయి. మంచిది. పైన పోయేవాళ్ళ కోసం అంత పెద్ద వంతెన కట్టుకోగలిగిన ఊరు, కింద పోయే సైకిల్ మనిషికి రెండు మీటర్ల దారి ఇవ్వలేదా? స్టేషన్ నుంచి తిరుచానూరు అమ్మవారి గుడి ఐదు కిలోమీటర్లే. భద్రమైన దారి ఉంటే సైకిల్ మీద అరగంట కూడా పట్టదు. లీటరు పెట్రోలు వంద దాటిన కాలంలో, నెల జీతంలో బండికి ఎంత పోతోందో మీ ఇంట్లో ఒకసారి అడగండి.

టైమ్ అయిపోతోందని మేడమ్ సైగ చేస్తున్నారు. రెండు నిమిషాలమ్మా.

ఇందాక ఒక్కచోట తప్ప అన్నాను కదా. ఆ చోటు పెద్ద రోడ్డు దాటే చోటు. వెనక సందులన్నీ బాగుపడ్డాయి. కాలువ మీద బండ వేశారు, ఆ వీధి మేస్త్రీయే కూలి తీసుకోకుండా వేశాడు. దీపం వెలుగుతోంది. మూత తిప్పాం. కానీ పొద్దున ఎనిమిదింబావుకు ఆ పెద్ద రోడ్డు దాటాలి, అక్కడ లారీ ఆగదు. సిగ్నల్ అడిగాం, రాలేదు. స్పీడ్ బ్రేకర్ అడిగాం, పరిశీలనలో ఉంది. మూడు కిలోమీటర్లలో ముప్పై అడుగులు. ఆ ముప్పై అడుగుల వల్ల మిగతా దారంతా ఉన్నా లేనట్టే.

అందుకని ప్రస్తుతం మేమే నిలబడుతున్నాం. రోజుకు ఇద్దరం, పొద్దున ఎనిమిది నుంచి ఎనిమిదిన్నర దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగున్నరకు. చేతిలో ఎర్ర జెండా, పిల్లలు గుంపుగా చేరాక రోడ్డు ఆపి దాటిస్తాం. పోలీసులకు చెప్పే చేస్తున్నాం. ఆ పిల్ల మళ్ళీ బడికి వస్తోంది. హ్యాండిల్ మీది ప్లాస్టిక్ కవరు తీసేసింది. కానీ మాకు మనుషులు చాలడం లేదు. మంగళవారం, శుక్రవారం సాయంత్రాలు ఎవరూ లేరు, ఆ రెండు రోజులు వాళ్ళమ్మ పని మానుకుని వచ్చి నిలబడుతోంది.

బయట బల్ల మీద నోటు పుస్తకం పెట్టాను. పేరు, ఏ రోజు రాగలరో, అంతే రాయండి. ఆదివారం పొద్దున ఆరింటికి చెరువు కట్ట కొలవడానికి కూడా వెళ్తున్నాం, టేపు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. వాచ్‌మన్ అన్నా, మీరు ఏ దారిన వస్తారో నాకు చెప్పకుండా వెళ్ళొద్దు, ఆ దారిలో ఎక్కడ భయమేస్తుందో రాసుకోవాలి.